నోటీసు మాక్రో, ఎర్ర పట్టీ: మా లాయర్ ఆఫీసులో నా అనుభవం

మా ఆఫీసుకు ఎక్కువగా వచ్చేవి చెక్ బౌన్స్ కేసులు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద, చెక్కు వాపసు వచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది అందాక కట్టడానికి అవతలివాళ్లకు 15 రోజులు, అప్పటికీ కట్టకపోతే నెలలోపు కోర్టులో కంప్లయింటు. ఈ తేదీలన్నీ లెక్కేసి, చెక్కు మొత్తాన్ని తెలుగు అక్షరాల్లో రాసిపెట్టే వర్డ్ మాక్రో, అంటే వర్డ్ లోపలే నడిచే చిన్న ప్రోగ్రాం ఒకటి తయారుచేశాను. మాక్రో కోడ్ రాసే వీబీఏ ఎడిటర్‌కు తెలుగు ఎక్కదు, టైపు చేస్తే ప్రశ్నార్థకాలే కనిపిస్తాయి. 'ర' కావాలంటే దాని యూనికోడ్ నంబరు 3120 ఇచ్చి రప్పించుకోవాలి. లక్షలూ వేలూ అన్నీ అలా పోగేసినవే.

పాత సర్వర్ పీసీ తీసేసి నాస్ బాక్స్ (అన్ని కంప్యూటర్లూ నెట్‌వర్క్ మీద వాడుకునే ఫైళ్ల పెట్టె) పెట్టి, ఆఫీస్ కొత్త వెర్షన్ వేసుకున్నాక ఈ మాక్రో ఆగిపోయింది. ఇదివరకు ఫైలు తెరిస్తే పైన పసుపు పట్టీ వచ్చేది, 'ఎనేబుల్ కంటెంట్' నొక్కితే పని జరిగిపోయేది. ఇప్పుడొచ్చేది ఎర్ర పట్టీ. దాని మీద 'లెర్న్ మోర్' తప్ప నొక్కడానికి ఏమీ లేదు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలను నేరుగా ఆపేసే ఈ పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2022లో తెచ్చింది. జూలైలో కొన్నాళ్లు వెనక్కి తగ్గి, ఆ నెలాఖరుకే మళ్లీ మొదలుపెట్టింది. 1999లో మెలిస్సా వైరస్ వర్డ్ ఫైలు రూపంలోనే మెయిళ్ల ద్వారా పాకింది కాబట్టి వాళ్ల జాగ్రత్తను తప్పుపట్టలేను.

గడువు దగ్గరపడ్డ నోటీసులు ఉన్నాయని జూనియర్లకు టెన్షన్. "అన్నా, వర్డ్ సెట్టింగుల్లో ట్రస్ట్ సెంటర్‌కు వెళ్లి ఎనేబుల్ ఆల్ మాక్రోస్ పెట్టేద్దాం, గొడవ వదిలిపోతుంది" అన్నాడొకడు. నేను ఒప్పుకోలేదు. క్లయింట్లు పంపే అటాచ్‌మెంట్లన్నీ తెరిచేది ఆ కంప్యూటర్లలోనే. మా ఒక్క మాక్రో కోసం ముక్కూమొహం తెలియని ఫైళ్లన్నిటికీ తలుపు తీయడం ఏం తెలివి? ఆ రోజుకు నోటీసులు చేత్తో టైపు చేయించాం. సెట్టింగు మాత్రం 'డిజేబుల్ విత్ నోటిఫికేషన్' దగ్గరే ఉంచాను.

మన ఆఫీసులో పుట్టిన ఫైలు ఇంటర్నెట్ ఫైలు ఎలా అయింది? దీని మీదే ఎక్కువసేపు కూర్చున్నాను. మెయిల్లో వచ్చిన కాపీల సంగతి తేలిగ్గానే తెలిసింది. డౌన్‌లోడ్ అయిన ఫైలుకు విండోస్ ఒక గుర్తు తగిలిస్తుంది. ప్రాపర్టీస్‌లో కింద 'అన్‌బ్లాక్' టిక్కు పెడితే ఆ గుర్తు పోతుంది. కానీ నాస్‌లోని ఫైలుకు ఆ టిక్కే కనిపించలేదు, ఎర్ర పట్టీ మాత్రం వస్తోంది. అసలు కారణం డ్రైవ్ మ్యాపింగులో, అంటే నాస్‌ను కంప్యూటర్లో ఒక డ్రైవ్‌లా కలిపిన తీరులో దొరికింది. బాక్స్ బిగించినవాళ్లు దాన్ని పేరుతో కాకుండా అంకెలూ చుక్కలూ ఉండే ఐపీ నంబరుతో కలిపారు. అడ్రసులో చుక్కలుంటే విండోస్ దాన్ని బయటి చోటుగా లెక్కేస్తుంది, బాక్స్ మన బల్ల మీదే ఉన్నా సరే. బాక్స్ పేరుతో మళ్లీ మ్యాప్ చేసి, ఆ పేరును విండోస్ ఇంటర్నెట్ ఆప్షన్స్‌లోని లోకల్ ఇంట్రానెట్ జాబితాలో చేర్చాక పసుపు పట్టీ తిరిగొచ్చింది.

అక్కడితో ఊరుకోవచ్చు. కానీ ప్రతి కేసు ఫోల్డర్లోనూ మాక్రో ఉన్న డాక్‌ఎమ్ కాపీలు పేరుకుపోయి ఉన్నాయి. ఏది మనం చేసింది, ఏది బయటి నుంచి వచ్చింది అన్నది ఎవరికీ తెలియదు. నాస్‌లోని షేర్డ్ ఫోల్డర్‌నే ట్రస్టెడ్ లొకేషన్ (వర్డ్ నమ్మే చోటు) చేయడం నాకు నచ్చలేదు. అందరూ రాయగలిగే ఫోల్డర్ అది, అందులో ఏ ఫైలు పడినా అడగకుండా నడుస్తుంది. ఆఫీస్‌తో వచ్చే సెల్ఫ్‌సర్ట్ టూల్‌తో సొంత సర్టిఫికెట్ చేసుకుని మాక్రోకు డిజిటల్ సంతకం పెట్టుకోవడం గురించీ ఆలోచించాను. ఆ సర్టిఫికెట్‌ను ప్రతి కంప్యూటర్లోనూ నమ్మకస్తుల జాబితాలో ఎక్కించాలి, కొత్త జూనియర్ లాప్‌టాప్‌తో వస్తే మళ్లీ అదే పని. మాలాంటి చిన్న ఆఫీసుకు అంత అవసరం లేదనిపించింది.

చివరికి మాక్రోను కేసు ఫైళ్ల నుంచి పూర్తిగా విడదీశాను. కోడ్ అంతా ఒక్క డాట్‌ఎమ్ (మాక్రోలు ఉండగలిగే) టెంప్లేట్‌లో పెట్టి, ప్రతి కంప్యూటర్లో వర్డ్ స్టార్టప్ ఫోల్డర్లోకి కాపీ చేశాను. వర్డ్ ఆ ఫోల్డర్‌ను ముందునుంచే నమ్ముతుంది కాబట్టి ఏ పట్టీ రాదు. ఆ టెంప్లేట్ ఒరిజినల్ కాపీ నాస్‌లో ఉంది, దాన్ని మార్చే హక్కు నాకొక్కడికే. కోడ్ మారినప్పుడు లాగిన్ అవగానే కొత్తది కాపీ అయ్యేలా చిన్న బ్యాచ్ ఫైలు రాశాను. బటన్ నొక్కితే తయారయ్యే నోటీసు మామూలు డాక్స్ ఫైలు. డాక్స్‌లో మాక్రో దాగే వీలే లేదు, కాబట్టి దాన్ని ఎవరికి పంపినా పేచీ లేదు.

పాత డాక్‌ఎమ్‌లను మాక్రో ఆపి ఉంచే తెరిచి, చదివి, డాక్స్‌గా సేవ్ చేసే పనిని గుమస్తాగారు విసుక్కుంటూనే పూర్తిచేశారు. సీనియర్ గారి ఇంటి లాప్‌టాప్ ఇంకా మిగిలింది. అందులో వర్డ్ లేదు, లిబ్రేఆఫీస్ ఉంది. మాక్రో సెక్యూరిటీ 'హై'లోనే ఉంచి, నోటీసులు చదవడానికీ దిద్దడానికీ మాత్రమే వాడమన్నాను. ఇప్పుడు క్లయింట్ ఎవరైనా డాక్‌ఎమ్ పంపితే, "అండీ, పీడీఎఫ్ పంపండి" అని మెసేజ్ పెడుతున్నాం.