ఆ పద్నాలుగు టెస్టులు

"ఇవి పాస్ కాలేదు. పాసైనట్టు కనిపిస్తున్నాయి." ఈ దేశం వచ్చిన ఎనిమిదో నెలలో నా కోడ్ కింద ఒక సీనియర్ సహోద్యోగిని రాసిన మాట ఇది. అదీ బృందమంతా చూసేచోట.

మా పైథాన్ లైబ్రరీని బ్రౌజర్‌లో నడిపించడానికి వెబ్‌అసెంబ్లీకి, అంటే బ్రౌజర్ నడపగలిగే కోడ్ రూపానికి, మారుస్తున్నాం. అక్కడ సాధారణ బిల్డ్‌లో థ్రెడ్లు, అంటే ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే సాగే పనులు, ఉండవు. థ్రెడింగ్ మాడ్యూల్ నిక్షేపంగా ఇంపోర్ట్ అవుతుంది, థ్రెడ్ ఆబ్జెక్టూ తయారవుతుంది. స్టార్ట్ పిలిచాకగానీ రన్‌టైమ్ ఎర్రర్ రాదు. అలా లైబ్రరీని పరీక్షించే పద్నాలుగు టెస్టులు ఫెయిలై ఎర్రబడ్డాయి. ప్లాట్‌ఫామ్ పేరు ఎంస్క్రిప్టెన్ (వెబ్‌అసెంబ్లీకి మార్చే కంపైలర్) అయితే రిటర్న్, అంటే ఏమీ చేయకుండా బయటికి వచ్చెయ్, అని ప్రతి టెస్టు మొదట్లో రాశాను. అన్నీ పచ్చబడ్డాయి.

ఆవిడ మాటకు నాకు చాలా కోపం వచ్చింది. మన ఆఫీసుల్లో ఇలాంటిది పక్కకు పిలిచి చెబుతారు. అయినా నేను దాచిందేముంది? ఎర్రగా ఉన్నది సాయంత్రానికి పచ్చబడాలనే కదా ఏళ్ల తరబడి నేర్చుకున్నాను!

కానీ రాత్రి మళ్లీ చదివితే, మాట నిజమే. రిటర్న్ అయిన టెస్టు పాస్ లెక్కలో కలిసిపోతుంది. స్కిప్ చేస్తే రిపోర్టులో కారణంతో సహా మిగులుతుంది. ఆవిడ ఇంకోటి కూడా రాశారు: పేరు చూడొద్దు, థ్రెడ్ మొదలవుతుందా లేదా అన్నది చూడు. ఎంస్క్రిప్టెన్‌నే పీథ్రెడ్స్ అనే థ్రెడ్ల సదుపాయంతో బిల్డ్ చేస్తే థ్రెడ్లు పనిచేస్తాయి. నా టెస్టులు అక్కడా ఏమీ పరీక్షించకుండానే బయటికొచ్చేవి. పైథాన్ సొంత టెస్టుల్లోనూ ఇందుకోసం ఒక డెకరేటర్ (ఫంక్షన్ పైన రాసే గుర్తు) ఉంది. థ్రెడ్లు పనిచేయని చోట అది టెస్టును స్కిప్ చేస్తుంది.

మర్నాడు ఒక్కొక్కటే విప్పాను. తొమ్మిదింటికి థ్రెడ్లు నిజంగానే కావాలి, వాటిని కారణం రాసి స్కిప్ చేశాను. నాలుగు టెస్టులు ఫెయిలైంది ఇంపోర్ట్ సమయంలోనే మొదలయ్యే ఒక థ్రెడ్ వల్ల. దాన్ని అవసరమైనప్పుడే మొదలయ్యేలా ఫంక్షన్ లోపలికి మార్చితే పాసయ్యాయి. చివరిదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. కోడ్ ముందు లాక్ (ఒకసారికి ఒక్కరే వాడేలా వేసే తాళం) తీసుకుంటుంది, తర్వాత థ్రెడ్‌ను మొదలుపెడుతుంది. లాక్ వదలాల్సింది ఆ థ్రెడే. అది మొదలే కాకపోతే లాక్ అలాగే ఉండిపోతుంది. అంటే అది టెస్టులో లోపం కాదు, మా లైబ్రరీలో లోపం. నా రిటర్న్ దాన్ని కప్పేసింది.

దాన్ని సరిచేసి పంపాను. పక్కకు పిలిచి చెప్పి ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను. అయితే ఆ లాక్ సంగతినీ ఆవిడ అందరూ చూసేచోటే రాశారు, పట్టుకున్నది నేనని పేరుతో సహా.