తిరిగి కలిసే పాట, తరిమివేసే పాట

యుద్ధకాలంలో జనం నోళ్లలో నానిన పాటలను శ్రద్ధగా వింటే, బాగా నిలిచినవి గెలుపు ఎలా వస్తుందో చెప్పే జోలికే పోలేదని తెలుస్తుంది. 1939 నాటి ‘వీల్ మీట్ అగైన్’ పాటలో బ్రిటిష్ గాయని వెరా లిన్, మళ్లీ ఎక్కడ కలుస్తామో, ఎప్పుడు కలుస్తామో తెలియదని ముందే ఒప్పుకొంటుంది. కలుస్తామన్న మాటను మాత్రం వదలదు. 1941లో ఆమె బీబీసీ రేడియోలో కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, ఇంత మెత్తని పాటలు వింటే సైనికుల గుండె నీరుగారిపోతుందని కొందరు పెద్దలు అభ్యంతరపెట్టారు. ఆ పాటలు కావాలన్నది మాత్రం సైనికులే. 1944లో ఆమె బర్మా దాకా వెళ్లి వారి ముందు పాడి వచ్చింది.

మా ఓరుగల్లు, జనగామ ప్రాంతాల్లో ఆశ పలికిన గొంతు వేరు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక రగిలిన తెలంగాణ సాయుధ పోరాటంలో ఊరూరా మారుమోగిన ‘బండెనక బండి కట్టి’ పాటలో మెత్తదనం వెతికినా దొరకదు. బండి యాదగిరి కట్టిన ఆ పాట పల్లవి, నైజాము సర్కారును ఓడిస్తామని ప్రతిజ్ఞ చేయదు. పదహారు బండ్లు కట్టి ఉన్నాయి, ఏ బండిలో పోతావని నేరుగా అడుగుతుంది. పోవడం ఎప్పుడో ఖాయమైపోయినట్టు, తేలవలసింది ప్రయాణ ఏర్పాట్లే అన్నట్టు! దొరల గడీ ముందు చెప్పులు చేతబట్టుకొని నడవవలసి వచ్చిన మనుషులు పాటలో ఏకంగా నిజామునే ఏకవచనంలో నిలదీశారు.

దీన్ని కోపంతో కట్టిన పాటగానే లెక్కగట్టేవారితో నేను ఏకీభవించను. మా నాయనమ్మ నాట్లు వేస్తూ ఈ పాట ఎత్తుకునేది. నడుము వంచి, ఎడమచేతిలో నారుకట్ట పట్టుకొని, ఊపిరి చాలక ‘ఏ బండ్లె’ దగ్గర కాస్త ఆగితే, మిగతా ఆడవాళ్లు ఆమె ప్రశ్న ముగియకముందే వంత అందుకునేవారు. ఒకరి దమ్ము చాలని చోట పదిమంది గొంతు కలిపే ఆ పద్ధతిలోనే ఆశ ఉందని నాకనిపిస్తుంది. రేడియో ముందు ఒంటరిగా కూర్చొని వినే పాటకు ఈ వెసులుబాటు లేదు.

చరిత్ర మాత్రం పాట చెప్పినట్టు నడవలేదు. 1948 సెప్టెంబరు 17న లొంగిపోయిన నిజాం ఏ బండీ ఎక్కలేదు. 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా, అంటే రాష్ట్రాధిపతిగా, హైదరాబాదులోనే దర్జాగా ఉన్నాడు. పోరాటమేమో భారత సైన్యం వచ్చాక కూడా ఆగక 1951 దాకా సాగింది. అయినా ఆ చరణాలను జనం వదులుకోలేదు. గద్దర్ ‘మా భూమి’ సినిమాలో వాటిని అందుకున్నాడు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం నాటి సభల్లో, నిజామును చూడని తరం వారు ఆ బండ్లలో తమకు నచ్చని పాలకులను ఎక్కించి పాడుకున్నారు.