ట్రినిడాడ్‌లో డోళ్ళ వెంట

ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో రాత్రి తొమ్మిది దాటాక షార్లెట్ స్ట్రీట్‌లో నడుస్తుంటే ముందుగా చెవిన పడేది ఇనుము. ఎప్పుడో తుక్కుకి పోవాల్సిన కారు బ్రేకు డ్రమ్ముని ఇనప చువ్వతో వాయిస్తుంటారు. ఆ టంగుటంగుమనే దెబ్బ వీధి మొదటికే వచ్చేస్తుంది. నాలుగడుగులు వేస్తే దానిమీద తేలుతూ స్టీల్‌పాన్ వాద్యాలు వినిపిస్తాయి. గేటు దగ్గరికొచ్చేసరికి బేస్ డ్రమ్ముల మోతకి కాళ్ళకింద రోడ్డు అదురుతుంటుంది. రెనెగేడ్స్ బ్యాండు సాధన చేసే చోటు అది. టిక్కెట్టు లేదు, మీరెవరని అడిగే నాథుడు లేడు. ఒక మూల బీరూ వేరుశనగ పొట్లాలూ అమ్ముతుంటారు. కాళ్ళు నొప్పి పుట్టేదాకా నిలబడి వినొచ్చు.

ఇలాంటి చోటుని అక్కడ పాన్‌యార్డ్ అంటారు. కార్నివాల్ పండగకి ముందు వారాల్లో ఊళ్ళో ఏ పెద్ద బ్యాండు యార్డుకెళ్ళినా రాత్రిళ్ళు ఇదే సందడి. మేం జనవరి చివర్లో బయల్దేరింది అందుకే. న్యూజెర్సీలో మా తెలుగువాళ్ళకి కరీబియన్ సెలవులంటే చేతికి పట్టీ కట్టించుకుని రిసార్టులో మూడు పూటలా తిని, కొలనులో నాని రావడం. చిన్నపిల్లలున్నవాళ్ళకి అదే సుఖం, కాదనను. మా పిల్లలు కాలేజీలకి వెళ్ళిపోయారు. మా ఆవిడకి సముద్రమంటే మోజు లేదు. నాకేమో చిన్నప్పట్నుంచీ డప్పు వినిపిస్తే కాలు ఒకచోట నిలవదు. కాబట్టి ట్రినిడాడ్. ఇసుకా నీలం నీళ్ళూ కావాలనుకునేవాళ్ళకి పక్కనే టొబాగో ఉంది, హాయిగా అక్కడికెళ్ళొచ్చు.

కచేరీ కంటే సాధన చూడటమే నాకెక్కువ నచ్చింది. పెద్ద బ్యాండులో వాయించేవాళ్ళు వంద దాటతారు. చాలామంది ముందు నొటేషన్ కాగితం కూడా ఉండదు. అరేంజరు నాలుగు ముక్కలు చెబుతాడు, ఒకరు వాయించి చూపిస్తారు, మిగతావాళ్ళు చేతికి పట్టేదాకా అదే మళ్ళీ మళ్ళీ వాయిస్తారు. నా ముందు వరసలో స్కూలు యూనిఫాంలోనే వచ్చేసిన ఒక అమ్మాయి రాగం పలికే టెనర్ పాన్ వాయిస్తోంది. చేతుల్లో చివర రబ్బరు చుట్టిన రెండు పుల్లలు. పెదాలు లెక్క పెడుతున్నాయి, కళ్ళు మాత్రం అరేంజరు మీదే. ఆ పిల్ల పక్కన తల నెరిసిన పెద్దాయన. ఇద్దరూ ఒకే చోట తప్పుతున్నారు, తప్పినప్పుడల్లా ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకుంటున్నారు. వెనకాల బేస్ వాయించేవాడి చుట్టూ తొమ్మిది నిండు డ్రమ్ములు. నడుం తిప్పుతూ, వెనక్కి చూడకుండానే సరైన డ్రమ్ము మీద సరైన చోట కొడుతున్నాడు.

పాన్ చేసేది మామూలు చమురు డ్రమ్ముతోనే. అడుగుభాగాన్ని సమ్మెటతో కొట్టి లోతుగా దింపుతారు, స్వరాల గళ్ళు గీస్తారు, మంట మీద కాలుస్తారు, ఆపైన చిన్న సుత్తితో ఒక్కో గడినీ శ్రుతి చేస్తారు. టెనర్ మీద స్వరాలు సరిగమల వరసలో ఉండవు. ప్రతి స్వరం పక్కన దాని పంచమం వచ్చేట్టు గుండ్రంగా పేరుస్తారు. హార్మోనియం అలవాటున్న నాకు ఆ పిల్ల చేతులెటు పోతున్నాయో అంతుపట్టనిది అందుకే.

ఇది ఇనుముతో ఎందుకు మొదలైందో తెలుసుకుంటే మోత ఇంకోలా వినిపిస్తుంది. బానిసత్వం రద్దయ్యాక ఆఫ్రికన్లు కార్నివాల్‌ని తమ పండగ చేసుకున్నారు. కాగడాలు, కర్రసాము, డోళ్ళు. తెల్లదొరలకి నిద్రపట్టలేదు. 1881లో పోలీసులకీ జనానికీ వీధుల్లో పెద్ద కొట్లాటే జరిగింది. 1884లో చట్టం తెచ్చి డోళ్ళ నోరు నొక్కేశారు. జనం వెదురు బొంగులు నరికి నేలకేసి కొట్టారు. 1930లు వచ్చేసరికి బిస్కెట్ డబ్బాలు, చెత్తకుండీ మూతలు, బ్రేకు డ్రమ్ములు. ఆ తర్వాత చమురు డ్రమ్ములు. 1951లో ఒక స్టీల్‌బ్యాండు లండన్ దాకా వెళ్ళి వాయించింది. స్టీల్‌బ్యాండ్ల మధ్య జరిగే పానోరమ పోటీ 1963లో మొదలైంది, 1992లో పాన్ జాతీయ వాద్యమైంది. ఇప్పుడు ఐక్యరాజ్యసమితి ఆగస్టు 11ని పాన్ దినంగా జరుపుతోంది. ఒకప్పుడు ఇదే పాన్ వాయిస్తే ఇళ్ళల్లో తన్నేవాళ్ళని అక్కడి ముసలాళ్ళు నవ్వుతూ చెబుతారు.

ఇక తిండి. పొద్దున్నే క్యూరేప్ జంక్షన్‌లో డబుల్స్ బండి దగ్గర నిలబడ్డాం. అరచేతిలో కాగితం, దానిమీద పసుపు వేసిన పిండితో నూనెలో వేయించిన మెత్తటి బరాలు రెండు, పైన శనగల కూర, చింతపండు చట్నీ, కీరదోస తురుము. కాగితాన్ని రెండు చివర్లా మెలేసి చేతిలో పెడతాడు. కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. సూట్లు వేసుకున్నవాళ్ళూ, సిమెంటు బట్టలతో ఉన్నవాళ్ళూ రోడ్డు పక్కనే వంగి నిలబడి, చొక్కా మీద కారకుండా తింటుంటారు. 1930లలో ప్రిన్సెస్ టౌన్‌లో పుట్టిన వంటకమట. ఇండియాలో ఎక్కడా లేదు, ఇండియా నుంచి వెళ్ళినవాళ్ళు అక్కడ కనిపెట్టుకున్నది.

కారం ఎంత వెయ్యమంటారని బండివాడు అడిగితే, గుంటూరు వాణ్ణి కదా, "నిండుగా వెయ్యి" అన్నాను. వాడు నా మొహంలోకి ఒకసారి చూసి, చెంచా కొసతో కొంచెం మాత్రం రాశాడు. ఆ కొంచేనికే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ దేశంలోని మొరూగా స్కార్పియన్ మిరపకాయ 2012లో ప్రపంచంలోకెల్లా కారమైనదని తేలింది. మన సన్నాలు దాని ముందు పాలుగారే పసిపిల్లలు. "ఏమండీ, గుంటూరు పరువు తియ్యకండి, గ్లాసు కింద పెట్టండి," అంది మా ఆవిడ, తను మాత్రం కారం లేకుండా రెండోది తింటూ.

మరాకస్ తీరంలో వేపుడు రొట్టె మధ్య చేప పెట్టి అమ్మే బేక్ అండ్ షార్క్ బాగుంటుంది, కొండ దిగుతూ వెళ్ళే దారి దానికంటే బాగుంటుంది. ఆదివారం భోజనంలో చామాకులూ బెండకాయలూ కొబ్బరిపాలతో ఉడికించి మెదిపిన కాలలూ అనే వంటకం మాత్రం వదులుకోవద్దు. చామాకుని ఇంత మెత్తగా, దురద లేకుండా వండటం ఆఫ్రికన్ల చేతినేర్పు.

ఆకుపచ్చ చార ఉన్న మాక్సీ టాక్సీ, అంటే చిన్న బస్సు, ఎక్కితే చాగ్వానస్ చేరుస్తుంది. ఇక్కడ్నుంచి భారత సంతతి ఊళ్ళు. ఇళ్ళ ముందు వెదురు గడలకి ఎర్రవీ పచ్చవీ జెండాలు. పూజ చేయించిన ప్రతిసారీ ఒకటి పాతుతారు. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి రెండు వందల పైచిలుకు కూలీలని తెచ్చి దించింది. 1917 దాకా లక్షా నలభై వేల పైన వచ్చారు, చెరకు తోటల కోసం. ఎక్కువమంది భోజ్‌పురి మాట్లాడేవాళ్ళు. మద్రాసు రేవు నుంచి వచ్చిన తమిళులూ తెలుగువాళ్ళూ తక్కువే. మా గెస్ట్‌హౌస్ ఆంటీ తన ముత్తాత మద్రాసీ అంటుంది, ఏ ఊరో తెలీదు, తెలుసుకోవాలన్న ఆరాటమూ లేదు. "మీరు ఏ ఊరి నుంచి వచ్చారో చెప్పండి, అది మా ఊరని చెప్పుకుంటాను," అంది. నాకు ఆవిడ తీరే నచ్చింది. ఇండియా నుంచి వెళ్ళిన మనం వీళ్ళ హిందీ ఎంత మిగిలింది, రోటీ ఎంత అసలైనది అని మార్కులేయడం మొదలుపెడతాం. వాళ్ళకి మన సర్టిఫికెట్టు అక్కర్లేదు.

వాటర్‌లూ దగ్గర సముద్రంలో కట్టిన గుడి చూస్తే ఆ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. శివదాస్ సాధు అనే చెరకు కూలీ కంపెనీ నేలలో గుడి కడితే కూల్చేయించి, జైల్లో పెట్టారు. నేల మీదయితే ఒప్పుకోరు కదా, నీళ్ళలో కడతానని సైకిలు మీద రాళ్ళు మోసి, సముద్రం వెనక్కి తగ్గినప్పుడల్లా పోసి, ఏళ్ళ తరబడి కట్టాడు. 1995లో ప్రభుత్వమే దాన్ని పునరుద్ధరించింది. అక్కడికి దగ్గర్లోనే, కారపిచైమాలో, మైసూరు గణపతి సచ్చిదానంద స్వామివారు ప్రతిష్ఠించిన 85 అడుగుల ఆంజనేయుడు. ఆయన భక్తులు మన ఊళ్ళల్లో ఎందరో, అందుకని మా ఆవిడ అక్కడ అరగంట ఎక్కువే కూర్చుంది.

ఆంటీ మమ్మల్ని వాళ్ళ చుట్టాల పెళ్ళికి లాక్కెళ్ళింది. శుక్రవారం రాత్రి ఆడవాళ్ళు డోళ్ళతో వెళ్ళి మట్టి తవ్వి తెస్తారు. మగవాళ్ళకి ప్రవేశం లేదు. తిరిగొచ్చిన మా ఆవిడ చెమటలు కారుతూ, "మన పుట్టబంగారం తేవడమే ఇది, కాకపోతే వీళ్ళ పాటలు మీకు చెప్పలేను," అంది. ఆ పాటలేమిటో నాకు ఇప్పటికీ చెప్పలేదు. శనివారం వంటల రాత్రి. మగవాళ్ళు బంగాళాదుంపలు తరుగుతుంటే ఒక పెద్దావిడ దాల్‌పూరీలు చేసింది. బఠాణీ పప్పు ఉడికించి జీలకర్రతో నూరి పిండిలో పెట్టి, పల్చగా ఒత్తి కాలుస్తారు, తీపి లేని బొబ్బట్టనుకోండి. సోహారీ ఆకులో వడ్డించారు, గుమ్మడికాయ కూర, పచ్చిమామిడి కూరతో.

పెళ్ళివారి తాషా బృందం పెరట్లో అట్టముక్కలతో మంట వేసింది. తాషా అంటే మట్టి కుండ మూకుడు, పైన మేకతోలు. వేడి తగిలితేనే తోలు బిగుస్తుంది. ఒకడు మూకుడుని మంట ముందు తిప్పుతూ, వేలి గోరుతో కొట్టి చెవి దగ్గర పెట్టి వింటున్నాడు, చాలకపోతే మళ్ళీ తిప్పుతున్నాడు. అచ్చం మా ఊళ్ళో డప్పు కాచినట్టే. తాళం నడిపించేవాణ్ణి కట్టర్ అంటారు. వాడి వెంట ఫులే అనే ఇంకో తాషా, దాని కింద పెద్ద డోలు, పైన ఝాంజ్ అనే ఇత్తడి తాళాలు. మొదలెట్టాక పెళ్ళికూతురి నానమ్మ కుర్చీలోంచి లేచి ఆడింది.

ఈ తాషా ముహర్రం నాడు హొసే ఊరేగింపులో కూడా మోగుతుంది. ఇప్పుడు రాజధానిలో సెయింట్ జేమ్స్‌లో చేస్తారు. ఒకప్పుడు మన పీర్ల పండగలాగే ఇక్కడా హిందువులూ పాల్గొనేవాళ్ళు, ఆఫ్రికన్లు కూడా డోలు పట్టేవాళ్ళు. ఊరేగింపులు పట్టణంలోకి రాకూడదని బ్రిటిష్ సర్కారు ఆంక్ష పెట్టింది. కూలీలు లెక్కచేయలేదు. అక్టోబరు 30న శాన్ ఫెర్నాండోలో కాల్పులు జరిపి ఎందరినో చంపారు, గాయపడ్డవాళ్ళే వందకు పైన. ఏ ఏడాదనుకున్నారు? 1884. కార్నివాల్ డోళ్ళని నొక్కిన ఏడాదే. ఈ దేశంలో ఆఫ్రికన్లకీ మనవాళ్ళకీ రాజకీయాల్లో పడదని చాలామంది చెప్పారు, అది ఉండొచ్చు. ఇద్దరి డోళ్ళూ ఒకే దొరకి గిట్టలేదన్నది మాత్రం చరిత్రలో ఉంది.

పెళ్ళి రాత్రి ఆఖర్న చట్నీ పాటలు. సుందర్ పోపో అనే గాయకుడు జనంలోకి తెచ్చిన బాణీ: భోజ్‌పురీ ఇంగ్లీషూ కలిసిన మాటలు, ఢోలక్, ఒక పొడుగాటి ఇనప కడ్డీని గుర్రపునాడాలాంటి ఇనుముతో కొట్టే దంతాల్. మళ్ళీ ఇనుమే!

ఆ తర్వాతి ఆదివారం సవానా మైదానంలో పానోరమ సెమీఫైనల్స్. ఐస్‌పెట్టెల్లో పెలావ్ అన్నం, కోడి, రమ్ము మోసుకుని కుటుంబాలకి కుటుంబాలే స్టాండు ఎక్కాయి. తెలిసినవాళ్ళు మాత్రం స్టేజీకి దారితీసే ట్రాక్ మీదే నిలబడతారు, బ్యాండ్లు ఆఖరిసారి వాయించుకునేది అక్కడే. చక్రాల బళ్ళ మీద పాన్‌లు, వాటిని తోసేందుకు స్నేహితులూ పేటవాళ్ళూ. మేం నిలబడ్డ చోట ఒక బండి చక్రం గడ్డిలో దిగబడితే ఎవరో నా భుజం తట్టి, "అంకుల్, పట్టండి" అన్నారు. పట్టాను. స్టేజీ వాలు దాకా తోశాను, అరచేతులకి తుప్పు అంటింది, ఇక అది నా బ్యాండు అయిపోయింది. ఎనిమిది నిమిషాలూ గొంతు పోయేలా అరిచాను. మా ఆవిడ ఆంటీ పక్కన చేరి అవతలి బ్యాండుకి రుమాలు ఊపింది. మార్కులు వచ్చాక చూస్తే వాళ్ళది మాకంటే మూడు ఎక్కువ. జడ్జీల చెవులు బాగోలేవని నేను, వాళ్ళ బేస్ సెక్షన్ బాగుందని ఆవిడ. ఇంటికి చుట్టాలొస్తే ఈ పంచాయితీ మళ్ళీ మొదటికొస్తుంది.