మూడో వంతు కట్టి ప్లాట్‌ఫారం వేయించుకున్నాం

మద్రాసులో ఫుట్‌పాత్‌ని ప్లాట్‌ఫారం అంటారు. ముప్పై ఏళ్ళుగా సాలిగ్రామంలో ఉంటున్నా కదా, మా ఇంట్లోనూ అదే మాట అలవాటైపోయింది. మా వీధి ప్లాట్‌ఫారం కథ ఇది. కార్పొరేషన్‌తో పడింది కొంచెం, మాలో మేం పడింది చాలా.

మా వరసలో పదకొండు గేట్లు. కానుగ చెట్ల వేళ్ళు సిమెంటు పలకల్ని పైకెత్తేశాయి. ప్రతి గేటు ముందూ కారు ఎక్కడానికి ఒక ర్యాంపు, ఒక్కొక్కటి ఒక్కో ఎత్తు. నడిచేవాళ్ళు ఎక్కి దిగలేక రోడ్డు మధ్యనుంచే పోతారు. కార్పొరేషన్ ఫిర్యాదుల నంబరు 1913కి ఫోన్ చేస్తే మనుషులు వచ్చి ఊగుతున్న రెండు పలకలు సరిచేసి వెళ్ళారు. వాళ్ళ పని వాళ్ళు చేశారు. కాని వీధి మొత్తం మళ్ళీ వేయడం ఒక ఫిర్యాదుతో అయ్యే పనా?

అప్పుడే షికాగోలో ఉన్న మా మేనల్లుడితో మాట్లాడుతుంటే ఈ మాట వచ్చింది. "ఇక్కడా అంతే మామయ్యా, ఇంటి ముందు పలకలు పగిలితే కొంత మనం పెట్టుకోవాలి, కొంత సిటీ పెడుతుంది. జనవరిలో అప్లికేషన్లు తీసుకుంటారు, వెంటనే నిండిపోతాయి" అన్నాడు. పెద్దవాళ్ళకి కొంత తగ్గింపు కూడా ఉంటుందట. సొంత డబ్బుతో ఊరి ప్లాట్‌ఫారం వేయించుకోవడమేంటని నవ్వాను. రెండిళ్ళ అవతల ఉండే నెల్లూరాయన మాత్రం నవ్వలేదు. "మనకీ ఉంది గదయ్యా, నమక్కు నామే" అన్నారు.

నమక్కు నామే అంటే మనకు మనమే. 1997లో కరుణానిధి ప్రభుత్వం మొదలుపెట్టిన పథకం, 2021లో మళ్ళీ మొదలుపెట్టారు. అంచనా ఖర్చులో కనీసం మూడో వంతు జనం కడితే మిగతాది ప్రభుత్వం వేసుకుంటుంది. సరేనని తమిళంలో ఒక అర్జీ రాయించి, పదకొండు గేట్ల వాళ్ళ సంతకాలు పెట్టించి ఇచ్చాం. సంతకానికి డబ్బు అక్కర్లేదు కాబట్టి అందరూ పెట్టారు.

ఇంజనీరు టేపు పట్టుకుని వచ్చారు. తొంభై మీటర్ల పొడవు. నడిచే చోటు తగ్గకుండా 1.8 మీటర్లు ఉండాలి, అంచు రాయి ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు అంటూ రాసుకున్నారు. మనుషులు నడిచే చోట 60 మిల్లీమీటర్ల బ్లాకు, కారు దాటే గేటు ముందు 80. చెట్టు మొదట్లో సిమెంటు పోయకుండా చదరంగా మట్టి వదలాలి. అంచనా 3,90,000 వచ్చింది. మా వంతు 1,30,000.

ఇక మొదలైంది అసలు సంగతి.

గేటుకింత అని సమానంగా పంచితే 11,800 చిల్లర. "మాది పద్దెనిమిది అడుగుల ఇల్లు, మూలింటి వాళ్ళది అరవై. ఇద్దరికీ ఒకటేనా?" అన్నారు ఒకావిడ. న్యాయమే. అడుగుల లెక్కన పంచితే మూలింటాయనకి 26 వేలు దాటింది. "మూల మీద ఇల్లు కొనుక్కోవడం నా తప్పా? నా ప్లాట్‌ఫారం మీద నడిచేది మీరందరూ" అన్నాడాయన. అదీ న్యాయమే. ఎదురు వరసవాళ్ళు మా ఇంటి ముందు ప్లాట్‌ఫారమే లేదు, మేమెందుకివ్వాలన్నారు. "ఇదేమన్నా పాండీ బజారా, రాళ్ళు పరిపించుకోడానికి" అని ఒకాయన వెటకారం. టి.నగర్‌లో నడిచేవాళ్ళ కోసం రాళ్ళు పరిచిన షాపింగు వీధి అది. అపార్ట్‌మెంటుకి గేటు ఒక్కటే, ఫ్లాట్లు ఆరు, అందులో ఇద్దరు ఓనర్లు ఊళ్ళోనే లేరు.

చివరికి మా ఆవిడ తేల్చింది. "పెళ్ళిలో చదివింపులు ఎవరిష్టం వాళ్ళవి, వంట ఖర్చు మాత్రం పంచుకుంటాం. సగం సమానంగా, సగం అడుగుల లెక్కన వెయ్యండి." ఎదురు వరసవాళ్ళని చదివింపుల కింద వేశాం. ఇష్టమైనంత ఇవ్వమంటే 14,000 వచ్చింది. మిగిలిన 1,16,000లో సగం పదకొండు గేట్లకీ సమానంగా, సగం అడుగుకి 197 చొప్పున. మాది ఇరవై నాలుగు అడుగులు, పదివేలు పడింది. మూలింటికి 17 వేల పైచిలుకు. అపార్ట్‌మెంటుకి 13 వేలు, ఫ్లాటుకి చూస్తే రెండు వేల చిల్లరే. ఆ కాగితం లిఫ్టు పక్కన అంటించాక అక్కడి గొడవ సద్దుమణిగింది.

మా సంఘానికి రిజిస్ట్రేషన్ లేదు, బ్యాంకు ఖాతా లేదు. డబ్బంతా నా ఖాతాలోకే వచ్చింది. "ఊరి డబ్బు మన పాస్‌బుక్కులో ఎందుకండీ" అని మా ఆవిడ రోజూ సణుగుడు. డీడీ తీసి కట్టేదాకా నాకూ నిద్ర పట్టలేదు. ఇలాంటి పని తలపెట్టేవాళ్ళు ముందు ఇద్దరి పేర్లతో జాయింటు ఖాతా తెరవండి.

పని మొదలయ్యే ముందు ఇంజనీరు మళ్ళీ వచ్చి మా గేటు ముందు నిలబడ్డారు. "సార్, ఈ ర్యాంపు మీదే కదా?" నాదే. పదేళ్ళ క్రితం ఎర్ర గళ్ళ టైల్స్‌తో ముచ్చటపడి కట్టించుకున్నాను. ప్లాట్‌ఫారం మొత్తాన్ని కప్పేసి రోడ్డు మీదకి మూడడుగులు వచ్చేసింది. ర్యాంపులు అంచనాలో లేవు, కట్టినవాళ్ళే తీయించుకోవాలన్నారు. అందరి పలకల గురించీ అర్జీ రాయించినవాణ్ణి నేను, వీధిలో అందరికంటే పొడుగు ర్యాంపూ నాదే. మేస్త్రీకి, ఇద్దరు కూలీలకి 2,800 ఇచ్చి పగలగొట్టించాను. నాది పడ్డాక మిగతావాళ్ళూ ఒక్కొక్కరే కొట్టించారు.

పని పద్దెనిమిది రోజులు నడిచింది. కంకర పరిచి, పైన ఎం శాండ్, అంటే రాయి పిండి కొట్టి చేసిన ఇసుక, చల్లి, బ్లాకులు పేర్చి, ప్లేటు మిషన్‌తో దడదడా కొడుతుంటే ఇళ్ళల్లో గిన్నెలు మోగాయి. ఇస్త్రీ బండి అతను అన్నాళ్ళూ పక్క వీధికి పోవాల్సి వచ్చింది. ఆ లెక్క మా కాగితంలో ఎవరమూ వెయ్యలేదు.

నెల తిరక్కుండానే కేబుల్ కోసం ఎవరో వచ్చి రెండు గజాలు తవ్వారు. సిమెంటు పలకలైతే పగిలిపోయేవి. బ్లాకులు కాబట్టి ఊడదీసి మళ్ళీ పేర్పించాం. ఏడు విరిగాయి. పని అయిపోయిన రోజు కాంట్రాక్టరుని అడిగి నలభై బ్లాకులు మా మెట్ల కింద పెట్టించుకున్నాను, ఆ ఏడూ వాటిల్లోంచే. మిగిలినవి ముప్పై మూడు.

మొన్న పాండీ బజారు ఆయన వచ్చి పూలకుండీల కింద పెట్టుకోడానికి రెండు బ్లాకులు ఇమ్మన్నారు. ఇవ్వలేదు.