తుమ్మెదకు ఉమ్మెత్త మీద కోపం లేదు

పోయిన ఏడు సద్దుల బతుకమ్మ నాడు మా హన్మకొండ కాలనీ వాళ్లు నన్ను బతుకమ్మల పోటీకి జడ్జిగా కూర్చోబెట్టారు. తెలుగు టీచర్‌గా రిటైరయ్యాను కదా, పండుగ వచ్చిందంటే మైకు నా చేతికే వస్తుంది. ఒక కాగితం ఇచ్చారు. ఎత్తుకు పది, రంగులకు పది, అలంకరణకు పది, సంప్రదాయానికి పది. గౌరమ్మకు మార్కులు వేయడమేమిటని అప్పుడే లేచి వచ్చేయాల్సింది. రాలేదు. పెన్ను మూత తీశాను.

వరుసలో ఒకటి థర్మాకోల్ దిమ్మ మీద కట్టిన బతుకమ్మ. ప్లాస్టిక్ తంగేడు, ప్లాస్టిక్ బంతి, చుట్టూ మిణుకుమిణుకుమనే లైట్ల తీగ. నాకు ఒళ్లు మండింది. "ఇది బతుకమ్మ కాదమ్మా, షోకేసు బొమ్మ" అన్నాను. మైకు ఆన్‌లోనే ఉంది. నలుగురు నవ్వారు. దాన్ని పేర్చిన అమ్మాయి మొహం మాడ్చుకోలేదు, నెమ్మదిగానే అంది: "మా చెల్లె మీ దగ్గరనే చదివింది టీచర్. లోకో భిన్నరుచిః అని మీరే చెప్పేటోళ్లట గదా." ఆమె పక్కన ఏడెనిమిదేళ్ల పాప, కొత్త పరికిణీ, ఒక చేత్తో తాంబాలం అంచు పట్టుకుని నన్నే చూస్తోంది.

నిజమే, ఆ మాట నేను క్లాసులో వందసార్లు చెప్పి ఉంటాను. కానీ సగమే చెప్పేదాన్నని ఇప్పుడు తెలుస్తోంది. కాళిదాసు రఘువంశం ఆరో సర్గలో ఇందుమతీ స్వయంవరం. ఆమె అంగరాజు ముందు ఆగి, చూసి, రాజులను పరిచయం చేస్తున్న సునందతో పద అని ముందుకు సాగిపోతుంది. అక్కడ కాళిదాసు అంటాడు: "నాసౌ న కామ్యో న చ వేద సమ్యగ్ ద్రష్టుం న సా భిన్నరుచిర్హి లోకః". అతను కోరదగనివాడు కాడు, ఆమెకు సరిగ్గా చూడడం రాక కాదు, లోకం రుచులు వేరు. మొదటి రెండు ముక్కలూ వదిలేసి మూడో ముక్కే పట్టుకున్నాం మనం. చూడవలసింది చూడదగినదై ఉండాలి, చూసేవాళ్లకు చూపు ఉండాలి, ఆ తర్వాతే రుచిభేదం. ఇప్పుడైతే డీజే పెట్టి ఉయ్యాల పాటను తొక్కేసినా భిన్నరుచే, గౌరమ్మను పెట్టడం మరిచిపోయినా భిన్నరుచే.

ఇదంతా ఆ రాత్రి పడుకుని మనసులో ఆమెకు పాఠం చెబుతున్నాను. నిద్ర పట్టక అలవాటుగా పోతన భాగవతంలోని ప్రహ్లాదుడి పద్యం అందుకున్నాను. పోతన ఊరు బమ్మెర మాకు దగ్గరే, ఈ పద్యం రాని ఇల్లు మా వైపు తక్కువ.

"మందార మకరంద మాధుర్యమునఁ దేలు మధుపంబు వోవునే మదనములకు". మందార తేనె తీపిలో తేలే తుమ్మెద మదనాలకు పోతుందా అని. ఇన్నేళ్లు ఆ మొదటి సగం దగ్గరే పారవశ్యం చెందాను, పిల్లలకూ అదే చెప్పాను. మందారమంటే పెరట్లో ఎర్రమందారం కాదురా, దేవలోకపు చెట్టురా అని. ఆ రాత్రి మాత్రం నాలుక "మదనములకు" దగ్గర ఆగింది. మదనమంటే ఉమ్మెత్త. ఉమ్మెత్త చెడ్డ పువ్వా? శివుడి నెత్తిన పెట్టే పువ్వు అది! వేయిస్తంభాల గుడిలో రుద్రేశ్వరుడికి చేతులారా సమర్పించిన దాన్ని నేను.

లేచి కూర్చున్నాను. తక్కినవి చూశాను. మందాకిని అలల మీద తూగే రాయంచ తరంగిణులకు పోతుందా అన్నాడు. మురికి కాలువలకు అనలేదు. తరంగిణులంటే నదులు, మన గోదారి కూడా అందులోనిదే. మామిడి చిగుళ్లు తిని సొక్కిన కోయిల కుటజాలకు చేరుతుందా అన్నాడు. కుటజమంటే కొండమల్లె. మేఘసందేశంలో యక్షుడు మేఘుడికి అర్ఘ్యం ఇచ్చింది ఆ పూలతోనే. పున్నమి వెన్నెల తాగే చకోరం దట్టమైన మంచు దగ్గరికి పోతుందా అన్నాడు. మంచు చల్లనిదే కదా, ఎవరిని ఏం చేసింది?

పోతన వద్దన్న వైపు ఒక్క చెత్త వస్తువును కూడా పెట్టలేదు. ఇదే నేను ఇంత కాలం చూడలేదు. ఇంకోచోట ఇదే కవి తన నోటితో "ఇమ్మనుజేశ్వరాధముల" అని రాజులను కసిరాడు. అక్కడ కోపం ఉంది, దానికి కారణమూ ఉంది. ఐదేళ్ల ప్రహ్లాదుడి నోట పెట్టినప్పుడు మాత్రం ఆ కోపం ఎక్కడికి పోయిందో చూడండి. చదువు చెప్పే గురువు నీకు ఈ బుద్ధి ఎట్లా వచ్చిందని నిలదీస్తే, ముందు ఇనుము అయస్కాంతం దగ్గరికి పోయినట్టు నా మనసు హరి వైపు పోతోందన్నాడు. ఆ వెంటనే ఈ సీసం. చివర్లో ఆ గురువునే "వినుతగుణశీల!" అని పిలిచాడు. మీ చదువు పనికిరాదనలేదు. "చిత్తమేరీతి నితరంబుఁ జేర నేర్చు" అన్నాడు. నేర్చు అనే మాటను గట్టిగా పట్టుకోండి. పోకూడదని ఒట్టు పెట్టుకున్నది కాదు, పోవడం ఆ మనసుకు చేతకాదు అంతే. తేలు, తూగు, చొక్కు, మత్త... ఇటువైపు మాటలన్నీ మునిగిపోయినవాళ్ల మాటలు. మునిగినవాడికి ఒడ్డున ఉన్నదాన్ని తిట్టే తీరిక ఉండదు. నాకు ఆ రోజు మైకులో ఎంత తీరిక దొరికిందో!

మా అబ్బాయి పుస్తకాల్లో కాంట్ అనే జర్మనీ తత్త్వవేత్త సంగతి చదివాను. 1790లో వచ్చిన గ్రంథంలో ఆయన అంటాడట, అందాన్ని చూసి కలిగే అసలైన సంతోషంలో అది నాకు కావాలనే ఆశ ఉండదని. దాన్ని రుజువులతో ఎదుటివాడికి నిరూపించలేమని కూడా. పెద్ద మాటే. మా ఆడవాళ్లు పొద్దంతా కూర్చుని పేర్చినదాన్ని చీకటి పడ్డాక పద్మాక్షి గుట్ట కింద నీళ్లలో వదిలి, వెనక్కి వచ్చి మలీద ప్రసాదం పంచుకుంటారు. ఆ తత్త్వవేత్త ఒక్కసారి ఆ గట్టు మీద నిలబడి ఉంటే బాగుండు.

అయితే ప్లాస్టిక్ సంగతి? దాన్ని నేను ఒప్పుకోను, ఇప్పటికీ ఒప్పుకోను. ఉమ్మెత్తలో కూడా తేనె ఉంటుంది. పోతన లెక్కలో రెండు వైపులా ఉన్నవి దేవుడు చేసినవే. ప్లాస్టిక్ పువ్వు మీద తుమ్మెద వాలి, అయ్యో అనుకుని లేచిపోతుంది. అక్కడ రుచిభేదం అనే ప్రశ్నే రాదు, రుచి చూడడానికి ఏమీ లేదు. ఆ అమ్మాయి ఆ బతుకమ్మను నీళ్లలో వదలనూ లేదు. పాట అయిపోయాక కవర్లో చుట్టుకుని తీసుకుపోయింది, మళ్లీ ఏడాదికి పనికొస్తుందని. నా బాధ అది.

రంగులంటే నాకు పడదని అనుకోకండి. గునుగు తెల్ల కొసలను రంగు నీళ్లలో ముంచడం మా అత్తమ్మ చేసిందే, నేనూ చేశాను. గుప్పెడు గునుగు తీసుకుని, కొసలన్నీ సమంగా వచ్చేట్టు పీట మీద తట్టి, దారంతో కట్టి, కాడలు కోసి, ముంచి, పాత పేపర్ మీద ఆరబెట్టాలి. మూడు రోజులు వేళ్ల సందుల్లో గులాబీ రంగు పోదు. తంగేడు కొమ్మలు దులిపితే చిన్న చీమలు మోచేతి దాకా పాకుతాయి. గుమ్మడి ఆకు గరుకు అరచేతికి తగులుతుంది. పసుపు ముద్దతో గౌరమ్మను చేసేసరికి నడుము పట్టేస్తుంది. రుచి అనేది అక్కడ, ఆ చీమల దగ్గర, మొదలవుతుంది. తుమ్మెద కూడా పువ్వులోకి దిగాకే కదా తేలింది.

ఆ అమ్మాయికి ఇవేవీ ఎవరూ చూపించలేదేమో. పొద్దున ఎనిమిదికి డ్యూటీకి పోయి రాత్రి వచ్చే మనిషి గునుగు కోసం ఏ చెలకల్లో తిరగాలి? మార్కెట్లో చిన్న కట్టకు చెప్పే ధర వింటే నాకే గుండె ఆగుతుంది. ఇవన్నీ మైకు పట్టుకున్నప్పుడు గుర్తు రాలేదు. ఆ పాప తాంబాలం పట్టుకున్న చెయ్యి మాత్రం ఇప్పటికీ గుర్తొస్తోంది.

అమ్మలారా, భాద్రపద అమావాస్య వస్తోంది. ఎంగిలిపూల నాడు, అంటే పండుగ మొదటి రోజు, పెద్ద బతుకమ్మ కోసం టెన్షన్ పడకండి, జానెడు చాలు. తుమ్మెద ముట్టిన పువ్వు ఎంగిలి కాదని పెద్దలు అంటారు, వాడిన రేకు ఉంటే ఉండనివ్వండి. పిల్లల చేత కనీసం ఒక్క వరుస పేర్పించండి, వంకరగా వచ్చినా సరిచేయకండి. ముందు రోజు సాయంత్రం మా ఇంటికి రండి. రెండు బస్తాల తంగేడు, గునుగు ఊరి నుంచి తెప్పిస్తున్నాను, పీటలున్నాయి, రంగు డబ్బాలున్నాయి. ఆ అమ్మాయి ఇంటికి నిన్న నేనే వెళ్లి చెప్పి వచ్చాను. ఆమె ఇంట్లో లేదు, పాప తలుపు తీసింది. "మార్కులేస్తరా టీచర్?" అని అడిగింది. వేయనని చెప్పాను.