150 లీటర్ల ఇల్లు

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళొచ్చే రిటైరైన దంపతులు మా హైదరాబాద్ సైనిక్‌పురిలో వీధికి నాలుగైదు జంటలుంటారు. తిరిగొచ్చాక చెప్పే మాట దాదాపు ఒకటే. పిల్లలు పొద్దున్నే ఆఫీసు పనిలో పడిపోతారు, మనకి కారుండదు, నడిచి వెళ్ళే దూరంలో ఏమీ ఉండదు, టీవీ ముందు రోజు గడవదు. మా అమ్మాయి ఉండేది ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. మొదట్లో మేమూ అలాగే గడిపాం. తర్వాత నుంచి చలికాలంలో ఆర్‌వీ అద్దెకు తీసుకుని ఇద్దరమే అరిజోనా ఎడారిలో తిరుగుతున్నాం. ఎలా వెళ్తారు, ఏం తింటారు, భయం వెయ్యదా అని తెలిసినవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. అందరికీ ఒకచోట చెప్పినట్టు ఉంటుందని రాస్తున్నాను.

ఆర్‌వీ అంటే వ్యాన్ ఛాసిస్ మీద కట్టిన చిన్న ఇల్లు. మేము తీసుకునేదాన్ని క్లాస్ సి అంటారు. పొడవు సుమారు 25 అడుగులు. డ్రైవర్ క్యాబిన్ పైన ఒక పడక, వెనక ఇంకో పడక, మధ్యలో గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, సింకు, ఒక మూల బాత్రూమ్. మావారు ఆర్టీసీ డిపో వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరయ్యారు కాబట్టి పెద్ద బండి అంటే ఆయనకి కొత్తేమీ కాదు. రోడ్డుకి కుడివైపు నడపడం అలవాటయ్యేదాకా మా అల్లుడితో కలిసి ఖాళీ పార్కింగ్ స్థలంలో తిప్పి చూసుకున్నారు. సాయంత్రం బండి ఆపగానే నోట్‌బుక్ తీసి కేఎంపీఎల్, అంటే లీటరుకి ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో లెక్క వేస్తారు. ఆర్టీసీ వాళ్ళకి అది ప్రాణం. ఇలాంటి బండి లీటరు పెట్రోలుకి మూడున్నర నుంచి నాలుగు కిలోమీటర్లు వస్తే మంచిదే. గాలి బాగా వీచే రోజున బండి తియ్యరు. ఎత్తైన బండిని పక్కగాలి నెట్టేస్తుంది. అక్కడ ఉన్నట్టుండి దుమ్ము లేస్తే రోడ్డు దిగి పూర్తిగా పక్కకి ఆపి, లైట్లన్నీ ఆర్పేసి, బ్రేకు మీద నుంచి కాలు కూడా తీసెయ్యాలి. లైటు వెలుగుతుంటే వెనకొచ్చేవాడు అదే రోడ్డనుకుని వచ్చి గుద్దుతాడు.

నాకు మాత్రం ఈ ప్రయాణంలో అన్నిటికంటే ముఖ్యం నీళ్ళు. నేను హైదరాబాద్‌కి నీళ్ళిచ్చే జలమండలిలో కంప్లైంట్ల సెక్షన్‌లో పనిచేశాను. మా వీధికి నీళ్ళు రాలేదు, ప్రెషర్ లేదు, డ్రైనేజీ పొంగింది, ట్యాంకర్ బుక్ చేసి ఎంతసేపైంది, ఇవి వింటూనే నా ఉద్యోగం గడిచింది. ఆఫీసు లెక్కలో మనిషికి రోజుకి 135 లీటర్లు. ఆర్‌వీ మంచినీళ్ళ ట్యాంకులో పట్టేది 40 గాలన్లు, అంటే 150 లీటర్లు. దాంతోనే ఇద్దరం వంట, స్నానం, గిన్నెలు, టాయిలెట్ అన్నీ కొన్ని రోజులు నెట్టుకురావాలి. గోడ మీద ఒక మీట ఉంటుంది, నొక్కితే ట్యాంకులో నీళ్ళు నిండుగా ఉన్నాయా, మూడింట రెండొంతులా, ఒక వంతా అని చిన్న దీపాలు వెలుగుతాయి. పొద్దున లేచి నేను మొదట చూసేది అదే.

అమెరికా వాళ్ళు షవర్ కింద ఒళ్ళు తడుపుకుని, నీళ్ళు ఆపేసి సబ్బు రాసుకుని, మళ్ళీ తిప్పి కడుక్కోవాలంటారు. మాకు అంతకంటే మంచి పద్ధతి చిన్నప్పటి నుంచీ తెలుసు: అర బకెట్ వేడినీళ్ళు, ఒక మగ్గు. మడిచి పెట్టుకునే బకెట్ దొరుకుతుంది, అదొకటి కొనుక్కున్నాం. వేడినీళ్ళు వచ్చేదాకా కుళాయిలో పోయే చల్లనీళ్ళని గిన్నెలో పట్టి బియ్యం కడగడానికి వాడతాను. కంచాలు కడిగే ముందు టిష్యూతో తుడిచేస్తే సగం నీళ్ళు మిగులుతాయి.

వంట గ్యాస్ మీదే, ఫ్రిజ్ కూడా గ్యాస్ మీద నడుస్తుంది. కుక్కర్ పెట్టుకోవచ్చు. మిక్సీ వెయ్యాలంటే మాత్రం జనరేటర్ ఆన్ చెయ్యాలి. చుట్టుపక్కల జనం ఉన్న చోట రాత్రి పది దాటాక, పొద్దున్న ఆరు లోపు జనరేటర్ వెయ్యకూడదు. అందుకని కందిపొడి, నువ్వులపొడి, కరివేపాకు పొడి చాండ్లర్‌లోనే దంచి డబ్బాల్లో పోసుకుంటాను. పప్పు ఒకటి వండుకుని, వేడన్నంలో పొడి, నెయ్యి వేసుకుంటే ఎడారి చలికి అంతకంటే ఏం కావాలి. జనవరిలో పగలు ఇరవై డిగ్రీల దాకా ఉండి హాయిగా ఉంటుంది గానీ, పొద్దు గుంకితే చలి గబగబా పెరిగిపోతుంది. తెల్లవారుజామున నీళ్ళు గడ్డకట్టే దాకా వెళ్ళే రోజులూ ఉంటాయి.

ఇంకో రెండు ట్యాంకులున్నాయి. సింకు, స్నానం నీళ్ళు చేరేది గ్రే ట్యాంకు, టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకు. నిండాక వాటికోసం కట్టిన డంప్ స్టేషన్‌కి తీసుకెళ్ళి, గ్లవ్స్ వేసుకుని, లావాటి గొట్టం తగిలించి మనమే ఖాళీ చెయ్యాలి. ముందు బ్లాక్, తర్వాత గ్రే. ఆ వరసలో వదిలితే సబ్బునీళ్ళు గొట్టాన్ని కడిగేస్తాయి. చాలామంది ఆర్‌వీ వద్దనేది దీనికే. నాకు ఆ పని చేస్తున్నప్పుడల్లా మా డ్రైనేజీ సిబ్బంది గుర్తొస్తారు. మనుషులతో ఆ పని చేయించకూడదని 2013లో చట్టం వచ్చింది, హైదరాబాద్‌లో మురుగు తీసే మెషిన్లూ వచ్చాయి. అయినా మ్యాన్‌హోల్‌లో దిగి మనుషులు చనిపోయారన్న వార్త దేశంలో ఏదో ఒక మూల నుంచి వస్తూనే ఉంది. తన ఇంటి మురుగు ఎంత ఉంటుందో, దాన్ని వదిలించడం ఎంత పనో ప్రతి ఇంటి యజమానీ ఒక్కసారైనా చూడాలని నా కోరిక.

మేము ఎక్కువ రోజులుండేది క్వార్ట్‌సైట్ అనే ఊళ్ళో. కాలిఫోర్నియా సరిహద్దుకి దగ్గర. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఆ ఊరి జనాభా రెండు మూడు వేలు. చలికాలం వచ్చేసరికి చుట్టూ ఎడారంతా ఆర్‌వీలతో నిండిపోతుంది. అదంతా కేంద్ర ప్రభుత్వ భూమి, బీఎల్ఎమ్ అనే శాఖ చూసుకుంటుంది. మామూలు చోట్ల 28 రోజుల్లో 14 రోజులకి మించి ఉండనివ్వరు. లా పోసా అనే చోట మాత్రం పర్మిట్ కొనుక్కుంటే సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండొచ్చు. నీళ్ళు పట్టుకోవడానికీ, ట్యాంకులు ఖాళీ చెయ్యడానికీ, చెత్త వెయ్యడానికీ ఏర్పాటుంది. అంతకుమించి పెద్దగా ఏమీ లేదు. కరెంటు లేదు, గోడ లేదు, గేటు లేదు.

అక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మన వయసువాళ్ళే. కెనడా నెంబరు ప్లేట్లు చాలా కనిపిస్తాయి. మా పక్కన దిగిన జంట సస్కాచెవాన్ నుంచి వచ్చిన గోధుమ రైతులు. వాళ్ళ ఊళ్ళో అప్పుడు మంచు, పొలం పనేమీ ఉండదు. ఆ పెద్దాయన మావారితో కలిసి బ్యాటరీలు, సోలార్ పలకలు చూడటం, ఆవిడ నా దగ్గర కూర్చుని మా ఊరికి నీళ్ళెక్కడి నుంచి వస్తాయని అడగడం. నేను 1908 మూసీ వరద దగ్గర మొదలుపెట్టి, ఆ వరద వల్లనే గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులు కట్టారని, ఊరు పెరిగాక కృష్ణా, గోదావరి నీళ్ళు వంద కిలోమీటర్ల పైనుంచి పంపులతో తెస్తున్నారని చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నది. రైతులకి నీళ్ళ కబుర్లు విసుగు పుట్టవు. సంక్రాంతి రోజున మెట్టు ముందు రబ్బరు చాప పరిచి బియ్యప్పిండితో ముగ్గు వేశాను. చుట్టుపక్కల ఆర్‌వీల నుంచి ఆడవాళ్ళు కుర్చీలు తెచ్చుకుని చూశారు. చుక్కలు ఎలా పెట్టాలో ఇద్దరికి నేర్పాను.

అదే ఊళ్ళో హై జాలీ అనే ఒంటెల కాపరి సమాధి ఉంది. 1856లో అమెరికా సైన్యం ఎడారిలో సరుకు మొయ్యడానికి ఒంటెల్ని తెప్పించినప్పుడు వాటితో పాటు వచ్చినవాడు. 1902లో చనిపోయాడు. రాళ్ళతో చిన్న పిరమిడ్ కట్టి పైన ఒంటె బొమ్మ పెట్టారు. దేశం కాని దేశంలో చనిపోయినవాడిని అంత ఆప్యాయంగా గుర్తుపెట్టుకున్నందుకు ఆ ఊరంటే నాకు గౌరవం.

క్వార్ట్‌సైట్ నుంచి ఉత్తరంగా వెళ్తే కొలరాడో నది, 1938లో పూర్తయిన పార్కర్ డ్యామ్, దాని వెనక హవాసు సరస్సు. నాకోసమే వెళ్ళాం. ఆ సరస్సు నుంచే ఫీనిక్స్‌కీ టక్సన్‌కీ కాలువ మొదలవుతుంది. మొదటి పంప్‌హౌస్‌లోనే నీళ్ళని 824 అడుగులు కొండపైకి ఎత్తుతారు. అక్కణ్ణించి 336 మైళ్ళు, అంటే 540 కిలోమీటర్లు. మా అమ్మాయి ఊరికి కూడా ఈ కాలువ నీళ్ళు వాడతారు. ఎడారిలో పచ్చగడ్డి లాన్లు, స్విమ్మింగ్ పూల్స్ చూసినప్పుడల్లా నాకు మనసులో ఏదోలా ఉండేది. ఆ పంప్‌హౌస్ చూశాక అదెందుకో తెలిసింది. అంత కష్టపడి తెచ్చిన నీళ్ళు అవి. పైగా నదిలో నీళ్ళు తగ్గి, 2021 ఆగస్టులో చరిత్రలో మొదటిసారి కొరత ప్రకటించారు, మరుసటి ఏడాది అరిజోనా వాటాలో కోత పడింది. ఎక్కువ నష్టపోయింది ఫీనిక్స్‌కీ టక్సన్‌కీ మధ్యనున్న పినాల్ కౌంటీ రైతులు. ఆ దారిలో వెళ్తుంటే బీడు పడ్డ చేలు రోడ్డు మీద నుంచే కనిపిస్తాయి.

టక్సన్‌కి రెండు వైపులా సగువారో నేషనల్ పార్కు. సగువారో అంటే నిలువుగా చేతులెత్తి నిలబడే కాక్టస్. అది బతికేది నూట యాభై, రెండు వందల ఏళ్ళు. మొదటి చెయ్యి మొలవడానికే యాభై ఏళ్ళు పైబడుతుంది. దాని ఒళ్ళంతా నిలువు మడతలు. వాన పడితే అవి హార్మోనియం తిత్తిలా విచ్చుకుని వందల లీటర్ల నీళ్ళు లోపలికి తీసుకుంటాయి. ఎండాకాలమంతా దాంతోనే గడుపుతుంది. వడ్రంగి పిట్టలు దాని కాండంలో గూడు తొలుస్తాయి, అవి వదిలేశాక గుడ్లగూబలు చేరతాయి. మావారు ఒక పెద్ద చెట్టు కింద నిలబడి, "ఇది నిజాం కాలం నాటిది అయ్యుంటుంది" అన్నారు. నిజమే అయ్యుంటుంది.

ఆయనకి మాత్రం అన్నిటికంటే నచ్చింది టెక్సస్ కాన్యన్. పేరు టెక్సస్ గానీ ఉన్నది అరిజోనాలోనే, టక్సన్ దాటి తూర్పుగా ఐ-10 హైవే మీద బెన్సన్ ఊరి తర్వాత. మలుపు తిరగగానే, "ఏమోయ్, మౌలాలి గుట్ట వచ్చేసింది" అన్నారు. రాయి మీద రాయి, దాని మీద ఇంకో గుండు, పడిపోతుందేమోనన్నట్టు నిలబడి ఉంటాయి, అచ్చం మన రాళ్ళే. పుట్టిన తీరు కూడా ఒకటే. భూమి లోపల గట్టిపడిన రాయి, పగుళ్ళ వెంట నీళ్ళు దిగి మూలలు అరిగి గుండ్రంగా తేలింది. వాటి వయసు సుమారు ఐదు కోట్ల ఏళ్ళట. మన హైదరాబాద్ రాళ్ళకి 250 కోట్ల ఏళ్ళు. అక్కడ హైవే పక్కన రెస్ట్ ఏరియా కట్టి, కూర్చుని చూసుకోవడానికి బల్లలు వేశారు. ఇక్కడ హైదరాబాద్‌లో ఆయన చిన్నప్పుడు ఎక్కి ఆడుకున్న గుట్టలు చాలావరకు కంకర అయిపోయాయి. ఖాజాగూడ వైపు మిగిలినవైనా మన మనవలు ఎక్కాలి. ఆ రోజు అక్కడ భోజనం చేసి, సాయంత్రం దాకా ఆయన్ని కదపలేకపోయాను.

ఇక వెళ్ళాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. హైదరాబాద్‌లో ఉండగానే ఆర్టీఏ నుంచి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, ఏడాది చెల్లుతుంది. మన లైసెన్సు కూడా వెంట ఉండాలి. మెక్సికో సరిహద్దు దగ్గరి రోడ్ల మీద, ముఖ్యంగా ఆర్గన్ పైప్ కాక్టస్ పార్కు వైపు, సరిహద్దు కాపలా కాసే బార్డర్ పాట్రోల్ వాళ్ళు బండి ఆపి అడుగుతారు. పాస్‌పోర్టు, అమెరికాలోకి వచ్చినట్టు చూపే ఐ-94 కాగితం చేతికందేలా పెట్టుకోండి, టెన్షన్ పడొద్దు, మర్యాదగానే మాట్లాడతారు. నేషనల్ పార్కులకి 62 దాటినవాళ్ళకి ఇచ్చే సీనియర్ పాస్ అక్కడి పౌరులకీ గ్రీన్‌కార్డు వాళ్ళకే, విజిటర్ వీసా మీద వెళ్ళే మనకి రాదు. బీపీ, షుగర్ మందులు కాస్త ఎక్కువే ఉంచుకోండి, ఎడారిలో ఆసుపత్రి దూరం. మెడికల్ ఇన్సూరెన్స్ లేకుండా అసలు బయల్దేరొద్దు. ఇంటికి ఫోన్ చెయ్యాలంటే అరిజోనా మనకంటే పన్నెండున్నర గంటలు వెనక, అక్కడ పొద్దున్న ఏడు అయితే ఇక్కడ సాయంత్రం ఏడున్నర. ఫిబ్రవరి మొదట్లో టక్సన్‌లో రత్నాల, ఖనిజాల పెద్ద ప్రదర్శన జరుగుతుంది, ఆ రోజుల్లో ఆర్‌వీకి చోటు దొరకడం కష్టం. కాబట్టి అద్దె, చోటు రెండూ దసరా రోజుల్లోనే మాట్లాడి పెట్టుకోండి. ట్యాంకులు, గొట్టాల సంగతి అర్థం కాకపోతే సాయంత్రం మా ఇంటికి రండి, మావారు కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తారు.