చక్రం నా తల కన్నా ఎత్తు

"నాన్నా, దీనికి బ్యాటరీ ఎక్కడ?" అంటూ మావాడు చక్రాల సందులోకి తల దూర్చాడు. ఇవాళ మధ్యాహ్నం, హర్యానాలోని రేవారీ స్టీమ్ షెడ్‌లో, ఫెయిరీ క్వీన్ అనే పాత ఆవిరి రైలింజను ముందు.

పేరుకి రాణి గానీ మనిషి చిన్నదే, 26 టన్నులు. ఇంజను బలమంతా ఒక్క జత చక్రాల మీదే. ఒక్కోటి ఆరడుగులు! పక్కన నిలబడి ఫొటో దిగితే నా తల చక్రం అంచు దాటలేదు.

1855లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో తయారైంది. 1857 తిరుగుబాటప్పుడు హౌరా నుంచి రాణీగంజ్ దాకా కంపెనీ సైన్యాన్ని మోసింది. అంటే మనవాళ్ల మీదకే. అది గుర్తొచ్చి, నిమురుతున్న చెయ్యి కాసేపు ఆగింది. ఇనుము తప్పేముందిలెండి.

1909లో రిటైర్. తర్వాత ముప్పై ఏళ్లకు పైగా హౌరా స్టేషన్ బయట బొమ్మలా నిలబెట్టారు. 1997లో మళ్లీ నిప్పు రాజేసి, టూరిస్టులతో ఢిల్లీ నుంచి అల్వర్‌కి నడిపారు. ఎనభై ఎనిమిదేళ్ల విరామం తర్వాత డ్యూటీ!

బొగ్గు, నీళ్లు, ఆవిరి అని మావాడికి వివరంగా చెప్పాను. అంతా విని, "అయితే ఛార్జింగ్ ఎంతసేపు పెట్టాలి?" అన్నాడు.